దాలమ్మకి వినయం నేర్పిన సమితి

చలివేంద్రం ప్రారంభించిన రోజున అందులో నీళ్లున్నాయి. ఆ మాట ఒప్పుకోవాలి. నీళ్లే కాదు, మజ్జిగ ఉంది, మజ్జిగలో కరివేపాకు కూడా ఉంది. పెద్దాసుపత్రి గేటు పక్కన తాటాకు పందిరి, పందిట్లో ఇసుక మీద కొత్త కుండలు, కుండలకి తడిపి చుట్టిన ఎర్రగుడ్డ, వెనకాల గోడకి ఒక కుళాయి. శ్రీ సర్వజన దాహార్తి నివారణ సేవా సమితి అధ్యక్షులు ధర్మలింగంగారు రిబ్బను కత్తిరించి, మొదటి గ్లాసు మజ్జిగ తనే తాగారు. ఫొటో సరిగ్గా పడలేదంటే రెండోదీ తాగారు. కార్యదర్శి కూర్మారావుగారు మైకు పుచ్చుకుని, "దాహమున్నంత కాలం మన సమితి ఉంటుంది" అని హామీ ఇచ్చారు. ఆ హామీని తిరగేసి చదివినా నిజమేనని ఊరికి తర్వాత తెలిసింది.

మర్నాడు కుళాయికి తాళం పడింది. కుండలు ఎండిపోయాయి. పందిరి రాటకి ఒక అట్ట వేలాడింది: "సేవకులు కావలెను. వినయశీలురకు ప్రాధాన్యం."

ఆ పందిరి అంచున గోనె పరుచుకుని అరటిపళ్లు, బత్తాయిలు అమ్ముకునే మనిషి అసిరమ్మ. పొద్దున్న కాస్త నీడ తగుల్తుంది గానీ, మధ్యాహ్నానికి ఆ నీడ గోడెక్కేస్తుంది. ఇంటి దగ్గర్నుంచి ఒక సీసాతో నీళ్లు తెచ్చుకుంటుంది. ఓపీ చీటీల కోసం ఎండలో నిలబడ్డ జనం ఉన్నారే, వాళ్లలో ఎవరో ఒకరొచ్చి "అమ్మా, పిల్లకి మాత్ర వెయ్యాలి, ఒక్క గుక్క" అంటారు. సీసా పూర్తిగా పొద్దెక్కకముందే ఖాళీ. ఆసుపత్రి లోపల కుళాయి లేదా అంటే ఉంది. అందులో నీళ్లు రావు. వచ్చిన రోజున ఆ రంగు చూసి ఎవరూ తాగరు.

అసిరమ్మ తమ్ముడి పెళ్లామే దాలమ్మ. జీవితమంతా బజార్లో చేపలమ్మింది. ఆవిడ "వంజరాలో" అని కేక పెడితే పై వీధిలో నిద్రపోయే పిల్లలు లేచి కూర్చునేవాళ్లు. మోకాళ్లు పోయి బుట్ట దించేశాక చేతికి పని లేక, ఇంట్లో గోడలతో దెబ్బలాడుతోంది. ఒకనాడు వదినకి అన్నం పట్టుకెళ్లి, ఆవిడ పెదాలు పగిలి బీటలు తీసుండడం చూసింది. అట్ట మీద ఏం రాశారో పళ్లు కొనేవాడి చేత చదివించుకుంది.

"నీళ్లు పొయ్యడానికి మనుసులు కావాల్ట. అదేదో నాను పోసీనా వొదినా?"

"నువ్వా?" అంది అసిరమ్మ. "వినయం గావాలంట గదే. నీ నోట్లో వినయమంటే సేపల బుట్టలో సన్నజాజులే."

దాలమ్మ వినిపించుకోలేదు. సరాసరి సమితి ఆఫీసుకెళ్లింది.

కూర్మారావుగారు ఉద్యోగమంతా ఒకే కుర్చీలో గడిపి, రిటైరయ్యాక అలాంటి కుర్చీ ఇంకోటి వెతుక్కుని సేవలోకొచ్చిన మనిషి. కళ్లు సగం మూసుకుని విన్నారు.

"బాబూ, నానొస్తాను. కుండలు నింపుతాను, వొచ్చినోలికి పోస్తాను, సందేళకి కడిగి బోర్లించీసి ఎల్తాను. ఆ కుళాయి తాళమిప్పించండి."

"మీ సంసిద్ధత సమితికి సంతోషదాయకం. తగు సమయమున తెలియపరచబడును."

"తగు సమయమంటే ఎప్పుడు బాబూ?"

"తగినప్పుడు."

దాలమ్మ ఇంటికొచ్చి తగినప్పుడు కోసం కనిపెట్టుకుని కూర్చుంది. ఎండలు ముదిరాయి. రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. తగినప్పుడు రాలేదు. మళ్లీ వెళ్లింది.

"ఏటి బాబూ, నా సంగతేటైనాది?"

కూర్మారావుగారు గాయపడ్డారు. నిజంగానే గాయపడ్డారు, కండువాతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. "అమ్మా, దీన్ని నిలదీయడమంటారు. గుర్తుచేయడం వేరు, నిలదీయడం వేరు. సేవకురాలికి మొదట ఉండవలసినది ఓర్పు. ఓర్పు లేని చేతి నీళ్లు దాహం తీర్చవని మన అధ్యక్షులవారి సిద్ధాంతం. మీ సంసిద్ధతను రద్దుచేసి కొత్తగా నమోదు చేస్తున్నాను. వినయంగా గుర్తుచేయండి."

"ఎప్పుడు గుర్తు సెయ్యాల?"

"చాలా ముందుగా వస్తే తొందరపాటు. ఆలస్యంగా వస్తే అనాసక్తి. రెంటికీ రద్దే. సమితికి మీరు జ్ఞాపకం రాబోయే క్షణానికి ఒక్క క్షణం ముందు రావాలి."

దాలమ్మకి ఒళ్లు మండింది. బజార్లో అయితే ఈ పాటికి ఎదుటివాడి ఏడు తరాల్నీ చేపల కత్తిపీట మీద పెట్టేది. కానీ నోరు నొక్కుకుంది. తాళం వాళ్ల దగ్గరుంది.

అయితే తాళంతో పనేముంది, మనం కుండ పెట్టుకోలేమా అని ఆవిడకి తోచకపోలేదు. ఇంట్లో కుండ రిక్షాలో వేయించుకొచ్చి, వదిన పక్కన పెట్టి, నిండా నీళ్లు పోసి మూత పెట్టింది. ఆ పూట గేటు దగ్గర జనం కడుపారా తాగారు. సాయంత్రానికి కూర్మారావుగారు మున్సిపాలిటీ మనిషిని వెంటేసుకుని దిగారు.

"ఈ గేటు దగ్గరి దాహానికి అనుమతి సమితిది. మా పందిరి పక్కన ఇతరులు నీళ్లు పోయడం మా దాహాన్ని అవమానించడం."

"మీ దాహమేటి బాబూ, తాగినోలు రోగులు గదా?"

"దాహం ఎవరిదైనా కావచ్చు. స్థలం మాది." ఆయన అసిరమ్మ గోనెకేసి చూశారు. "నిజానికి ఈ పళ్ల బుట్ట కూడా సమితి హద్దులోనే ఉన్నట్టుంది. దయతలచి ఊరుకుంటున్నాం. మీ ప్రవర్తన మీద ఆధారపడి ఉంటుంది."

మున్సిపాలిటీ మనిషి కుండ ఎత్తుకుపోయాడు. పోతూ పోతూ తను కూడా ఒక గ్లాసు తాగాడు.

"పోన్లేవే," అంది అసిరమ్మ. "కుండ పోతే పోనాది. ఈ సోటు పోతే నా బతుకు పోద్ది. నువ్వు ఆ ముసిలోడి కాడ మెల్లగుండు."

అప్పట్నుంచి దాలమ్మ మెత్తబడ్డం నేర్చుకుంది. మెట్ల కింద చెప్పులు విడిచి, పైటకొంగు భుజం మీదికి కప్పుకుని, గుమ్మం దాటకుండా నిలబడి, "బాబూ, వొంట్లో ఎలగున్నాది? సుగరు తగ్గినాదా? అమ్మగారు బాగున్నారా?" అని అడిగి, దణ్ణం పెట్టి వచ్చేసింది. నీళ్ల ఊసెత్తలేదు.

కూర్మారావుగారు పులకించిపోయారు. ఇంత సున్నితంగా గుర్తుచేసినవాళ్లు సమితి చరిత్రలో లేరన్నారు. కాకపోతే చిన్న చిక్కొచ్చింది. దేని గురించి గుర్తుచేసిందో ఆవిడ చెప్పలేదు కనక, దాన్ని మర్యాదపూర్వక కలయికగా పరిగణించారు. గుర్తుచేయడం కింద లెక్కలోకి రాలేదు.

ఈ అవస్థ దాలమ్మ ఒక్కదానిదే కాదు. అట్ట చూసి వచ్చినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. వార్డులో తండ్రిని పెట్టుకుని లారీ నడపడం మానేసిన సన్నాసి ఉన్నాడు. బడి సెలవుల్లో ఖాళీగా ఉన్న డ్రిల్లు టీచరమ్మ ఉంది. చీరల కొట్లో గుమస్తా, చర్చి వీధి దర్జీ ఉన్నారు. అందరూ నీళ్లు పోస్తామన్నారు, అందరూ గుర్తుచేస్తున్నారు, అందరూ రద్దవుతున్నారు. ఇదంతా గమనించి సమితి అత్యవసర సమావేశం పెట్టింది. ధర్మలింగంగారు సమస్య మూలాన్ని పట్టుకున్నారు.

"మనకి నీళ్ల కొరత లేదు. మనుషుల కొరతా లేదు. కొరతగా ఉన్నది వినయం. కావున ముందుగా వినయాన్ని సరఫరా చేద్దాం."

అలా సమితి ఆఫీసులో వినయ శిక్షణ శిబిరం మొదలైంది. పట్నం నుంచి ఒక నిపుణుడొచ్చాడు. రోహిణీకార్తెలో మెడకి టై కట్టుకుని, చెమట తుడుచుకుంటూ బోధించాడు.

"మీరు గుర్తుచేసినప్పుడు తను మర్చిపోయానన్న సంగతి ఎదుటివారికి తెలియకూడదు. మీకు గుర్తుందన్న సంగతీ తెలియకూడదు."

"మరేటి తెలియాల బాబూ?" అన్నాడు సన్నాసి.

"మీరు వచ్చి వెళ్లారని."

"లారీకి హారన్ లేకండా డొంకలోకి దిగినట్టుంటాది," అన్నాడు సన్నాసి పక్కనున్న దాలమ్మతో.

"నోర్ముయ్యిరా, రద్దయిపోతావు," అంది దాలమ్మ.

తర్వాత నిపుణుడు అందరి చేతా ఒక మాట వల్లె వేయించాడు. తల కొంచెం ఎడమకి వంచాలి, చేతులు నాభి దగ్గర కట్టుకోవాలి, నవ్వు సగానికి ఆపాలి. "తమకు వీలైనప్పుడే. వీలు కాకపోయినా పరవాలేదు. అసలు వీలే లేకపోతే మరీ సంతోషం." జనం ఆ మాట అంటూంటే లోపల్నుంచి కూర్మారావుగారు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. పాట కచేరీ వింటున్న వాడిలా తల ఊపారు.

శిక్షణ పొందినవాళ్లకి అధ్యక్షులవారికే నేరుగా గుర్తుచేసే అర్హత వచ్చింది. దాంతో రోజూ పొద్దున్నే ఆఫీసు ముందు వరస. ఆఫీసుకి వరండా లేదు. వరస ఎండలో నిలబడేది. అధ్యక్షులవారు భోంచేసి, కునుకు తీసి, లేచి వచ్చేదాకా నిలబడేది. అందరి తలలూ ఎడమకి వంగి ఉండేవి, సగం వినయం వల్ల, సగం శోష వల్ల.

ఒకనాడు డ్రిల్లు టీచరమ్మ తలుపు తట్టి, కాసిని మంచినీళ్లిప్పించండి అంది.

కూర్మారావుగారు నొచ్చుకున్నారు. "నీళ్లు పోస్తామని వచ్చినవారే నీళ్లడిగితే ఎట్లా? మీ సేవాభావం మీద నాకు అనుమానం కలుగుతోంది."

ఆ వారం సమితి పత్రికలకి ఒక ప్రకటన ఇచ్చింది. ఈ వేసవిలో ఎందరో దాహార్తులు ప్రతిదినం సమితి కార్యాలయాన్ని ఆశ్రయిస్తున్నారని, వారి సంఖ్య నానాటికీ పెరగడం సమితి సేవలకు ప్రజల్లో ఉన్న ఆదరణకు తార్కాణమని. పక్కన వరస ఫొటో. ఫొటోలో దాలమ్మ నోరెండి నాలుక బయటికొచ్చి ఉంది. కింద "ఆనందంలో లబ్ధిదారులు" అని రాశారు.

ఆ ఫొటో పడిన రోజే అసిరమ్మ పడిపోయింది.

ఎవరికో బత్తాయిలిస్తూ ఇస్తూ అలాగే ముందుకి ఒరిగింది. పళ్లు రోడ్డు మీదికి దొర్లిపోయాయి. గేటు దగ్గరే పడింది కాబట్టి లోపలికి మోసుకెళ్లడం మాత్రం త్వరగానే అయింది. దాలమ్మ పరుగెత్తుకొచ్చేసరికి మంచం లేక వరండాలో పడుకోబెట్టి, కిటికీ ఊచకి సెలైను కట్టారు. వదిన ఒళ్లు పెనంలా కాలుతోంది. పెదాల మీద రక్తం ఎండి ఉంది. డాక్టరమ్మ చీటీ రాస్తూ, "మందులదేముంది, ఈవిడకి కావలసింది నీళ్లు. నీళ్లు లేకనే ఇలా అయింది. ఇంకోసారి పడితే నేను చెప్పలేను" అని వెళ్లిపోయింది.

అసిరమ్మకి తెలివొచ్చాక మొదట పళ్ల సంగతే అడిగింది. తర్వాత, "తాళమిచ్చినారేటే?" అంది.

దాలమ్మ వదిన పెదాల మీది రక్తం కొంగుతో తుడిచింది. లేచి సమితికి నడిచింది.

దారంతా ఏం తిట్టాలో ఆవిడ నాలుక మీద సిద్ధంగా ఉంది. అవి మంచి తిట్లు, ఏళ్ల తరబడి బజార్లో రాటుదేలిన తిట్లు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఒక్కటే గుర్తొచ్చింది. నోరు జారితే రద్దు. రద్దయితే తాళం రాదు. పళ్ల బుట్ట చోటు కూడా పోతుంది. వదిన మళ్లీ వచ్చి ఆ ఎండలోనే కూర్చుంటుంది, లేదా కూర్చోడానికి చోటే ఉండదు. దాలమ్మ చెప్పులు విడిచింది. తల ఎడమకి వంచింది. చేతులు కట్టుకుంది. నవ్వు మాత్రం సగానికి కూడా రాలేదు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

"బాబూ. వొంట్లో ఎలగున్నాది? మీకు వీలైనప్పుడే."

కూర్మారావుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన జన్మలో ఎవరికోసమూ లేవలేదు. "అమ్మా, ఇదీ వినయమంటే. గుర్తుచేస్తూ కన్నీరు కార్చిన సేవకురాల్ని నేనింతవరకూ చూడలేదు."

"తాళం బాబూ," అంది దాలమ్మ.

"తాళమెంత, తాళం. మీకు సన్మానం చేస్తున్నాం."

సన్మానం ఆ ఆదివారం జరిగింది. కల్యాణమంటపంలో పెద్ద కూలర్లు పెట్టారు. వేదిక మీద ప్రతి పెద్దమనిషి ముందూ రెండేసి నీళ్ల సీసాలు, చల్లగా చెమటలు పట్టి. ధర్మలింగంగారు దాలమ్మకి ఆ మండువేసవి మధ్యాహ్నం ఉన్ని శాలువా కప్పారు. వినయ శిరోమణి అన్నారు. చేతిలో జ్ఞాపిక పెట్టారు. అది ఇత్తడి కుండ, పిడికిలంత ఉంటుంది, చెక్కపీట మీద బిగించి ఉంది, మూతి మూసి ఉంది. బరువు మాత్రం బాగా ఉంది. "ఈమె ఈ వేసవంతా నీళ్లు పోయకుండా కూడా సేవాభావాన్ని నిలుపుకున్నారు," అన్నారు ధర్మలింగంగారు. "నీళ్లు ఎవరైనా పోస్తారు. పోయకుండా ఉండి సేవ చేయడం మహనీయులకే సాధ్యం." సభ చప్పట్లు కొట్టింది. కింద వరసలో సన్నాసి, టీచరమ్మ, దర్జీ కూడా తలలు వంచుకుని కొట్టారు. ఆదివారం సన్మానానికి రానివాళ్ల పేర్లు రద్దవుతాయని ముందే చెప్పారు.

రెండు ముక్కలు మాట్లాడమని మైకు ఇచ్చారు.

దాలమ్మ మైకు పక్కన పెట్టేసింది. ఆవిడకి దాంతో పనిలేదు.

"నాకు శాలువొద్దు. మా వొదిన ఆసుపత్రి నుంచి నిన్నొచ్చీసినాది. ఇంట్లో పడుకోమంటే పళ్లు కుళ్లిపోతాయని మల్లీ గేటు కాడే కూకున్నాది. ఈయేల. ఈ ఎండలో. అక్కడ కుండలున్నాయి, కుళాయున్నాది, నీళ్లున్నాయి. తాళమొకటి అడ్డమున్నాది. నానింక ఎవురికీ గుర్తు సెయ్యను. ఒచ్చీవోలు రండి, రానోలు సప్పట్లు కొట్టుకోండి."

ఆ గొంతు విని మంటపం వంటశాలలో వడలు వేస్తున్నవాళ్లు బయటికొచ్చారు. కూర్మారావుగారు కంగారుగా ధర్మలింగంగారి చెవిలో ఏదో చెప్పారు. ధర్మలింగంగారు మైకు దగ్గరికి వెళ్లి, "ఇదంతా కార్యక్రమంలో భాగమే" అని ప్రకటించారు.

అప్పటికే దాలమ్మ మెట్లు దిగింది. మోకాళ్లు కలుక్కుమంటున్నాయి. సన్నాసి వెనకే లేచాడు. వాడి వెనక టీచరమ్మ, దర్జీ, గుమస్తా. వేసవంతా వరసలో నిలబడ్డం అలవాటైపోయి, రోడ్డు మీద కూడా ఒకరి వెనక ఒకరు వరసలోనే నడిచారు. కాకపోతే తలలు నిటారుగా ఉన్నాయి.

అసిరమ్మ నెత్తిన తడిగుడ్డ వేసుకుని, గోనె మీద గోడకి జారగిలబడి ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి. దాలమ్మ ఆమె నెత్తిన గుడ్డ సర్దింది. కుళాయి దగ్గరికి వెళ్లి, ఇంకా చేతిలోనే ఉన్న ఇత్తడి జ్ఞాపికతో తాళం మీద కొట్టింది. చెక్కపీట ఊడిపోయింది. మళ్లీ కొట్టింది. తాళం అలాగే ఉంది. "ఇటివ్వు పిన్నీ," అని సన్నాసి అందుకుని, లారీ టైరు నట్లు విప్పే చేత్తో ఒక్కటిచ్చాడు. కొక్కెం విరిగి కింద పడింది.

మొదట గాలొచ్చింది, తర్వాత తుప్పు నీళ్లు, తర్వాత మంచినీళ్లు. టీచరమ్మ కుండలు కడిగింది. దర్జీ, గుమస్తా ఎత్తి ఇసుక మీద కుదురుగా పెట్టారు. మొదటి గ్లాసు దాలమ్మ వదిన నోటికి పట్టింది. అసిరమ్మ గుటకలేస్తుంటే ఆమె గొంతు కదలడం చూస్తూ నిలబడింది. గ్లాసు అయిపోయాక ఇంకోటి. ఓపీ వరస మొత్తం ఇటు తిరిగింది.

అప్పుడొచ్చారు కూర్మారావుగారు. కారు దొరక్క నడిచొచ్చారు. పట్టు కండువా చెమటకి మెడకి అతుక్కుపోయింది, ముఖం కందగడ్డలా ఉంది. వెనకాల ఫొటోగ్రాఫరు. పందిట్లోకొచ్చి, విరిగిన తాళాన్ని చూసి, జనాన్ని చూసి, గొంతు సవరించుకున్నారు. ఆ గొంతు సవరణకే తడి చాలక దగ్గొచ్చింది.

"తాళం పగలగొట్టడమనేది తీవ్రమైన విషయం," అన్నారు దగ్గు మధ్యలో. "అయితే సమితి దీన్ని ద్వితీయ ప్రారంభోత్సవంగా పరిగణించవచ్చు. మీరంతా కొంచెం పక్కకి జరిగితే ఒక ఫొటో..."

ఫొటోగ్రాఫరు కెమెరా భుజాన వేలాడేసుకుని, కుండ దగ్గర దోసిలి పట్టి తాగుతున్నాడు.

గేటు దగ్గర జనమంతా దాలమ్మ వైపు చూశారు. ఇప్పుడు ఈ ముసలాయన్ని వినయం నేర్చుకోమంటుందనీ, రేపు రమ్మంటుందనీ, వేసవంతా తను తిన్నది తిరిగి వడ్డిస్తుందనీ. సన్నాసి మీసం మెలేసి సిద్ధంగా ఉన్నాడు కూడా.

దాలమ్మ ముంత ముంచి, గ్లాసు నింపి, ఆయన చేతిలో పెట్టింది.

"తాగు బాబూ. మెల్లగా. ఎండలోంచొచ్చి గబగబా తాగితే పొలమారుద్ది."

ఆయన తాగారు. ఇంకొకటి అడగడానికి నోరు తెరిచేలోపే ఇంకొకటి పోసింది. అదీ తాగారు. తర్వాత ఆ ఖాళీ గ్లాసు పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక, ఎవరైనా వచ్చి తీసుకుంటారేమోనని అటూ ఇటూ చూశారు. ఎవరూ రాలేదు. ఓపీ చీటీ పట్టుకున్న పిల్లతల్లి ఒకామె గ్లాసు కోసం ఎదురుచూస్తూ ఆయన ముందే నిలబడి ఉంది.

"దీన్ని... ఎక్కడ కడగాలి?" అన్నారు కూర్మారావుగారు.

"అక్కడే, కుళాయి కింద," అని చెప్పింది అసిరమ్మ, గోనె మీద నిటారుగా కూర్చుని. "కడిగి ఆ పిల్లకి ముంచియ్యి నాయనా. నీ ఎనకాల ఇంకా సాలామందున్నారు."